చూడడం ఒక విద్య

కన్నులున్న ప్రతివాడూ చూడగలడనే నమ్మకం మనలో చాలమందికి ఉన్నది. పాట పాడడానికి గురువు కావలెనని ఒప్పుకొంటాం. పద్యం చదవడానికి యతిప్రాసలు తెలియవలెనని ఒప్పుకొంటాం. వంటయినా సరే, తల్లి ప్రక్కన నిలిచి కొన్నాళ్ళు నేర్చుకొనవలెనంటే కాదనం. కాని ఒక చిత్రాన్నో, ఒక శిల్పాన్నో చూడడానికి కూడ అభ్యాసం కావలెనంటే మాత్రం నవ్వుతాం. ఎదుట ఉన్నదాన్ని చూడడానికి విద్య యెందుకని అడుగుతాం.

ఈ ప్రశ్నకు సమాధానం లేపాక్షిలో దొరుకుతుంది. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్ది పూర్వార్ధంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు అక్కడి వీరభద్రాలయాన్ని కట్టించారు. ఆ మండపాల లోకప్పుమీద ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునుల కథ, పార్వతీ పరిణయం మొదలైన చిత్రాలున్నవి. విజయనగర చిత్రకళకు మిగిలిన గొప్ప నిదర్శనాలలో అవి ముందు వరుసలోనివి. అక్కడికి వెళ్ళిన యాత్రికులు తప్పక చేసే పని ఒకటున్నది. నేలకు పూర్తిగా ఆననట్లు కనిపించే వేలాడే స్తంభం క్రిందుగా ఒక గుడ్డను ఇటునుండి అటు లాగుతారు. అది అవతలికి వచ్చిందా లేదా అని వంగి చూస్తారు, తృప్తిపడి సాగిపోతారు. తల పైకెత్తేవారు తక్కువ. ఎత్తినవారిలో కూడ "ఆహా, ఎంత బాగున్నదో!" అని దించుకొనేవారే ఎక్కువ.

"బాగున్నది" అనే మాట తప్పు కాదు. చిక్కెక్కడంటే, ఆ మాటతో చూపు ఆగిపోతుంది. తీర్పు చెప్పిన తరువాత విచారణ జరిపే న్యాయస్థానం ఎక్కడా ఉండదు. తీర్పును కొంతసేపు వాయిదా వేసి, ఎదుట ఏమున్నదో ఒక్కొక్కటిగా చెప్పుకొనడమే కళాఖండాన్ని చూడడంలో మొదటి పాఠం. అలా చెప్పుకొనడానికే వర్ణన అని పేరు.

వర్ణన వేరు, పొగడ్త వేరు

తెలుగువారికి వర్ణనలు కొత్త కావు. ప్రబంధాలు చదివే విద్యార్థికి అష్టాదశ వర్ణనల పేర్లు కంఠతా వచ్చును. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, వనవిహారం — ఇవన్నీ మహాకావ్యానికి అంగాలని మన లాక్షణికులు చెప్పినారు. అయితే ఆ వర్ణనలలో కవికి గొప్ప స్వేచ్ఛ ఉన్నది. అతడు కంటితో చూడని పురాన్ని కూడ వర్ణించవచ్చును. అందులోని మేడలు చంద్రమండలాన్ని ఒరసికొంటున్నవని చెప్పవచ్చును. అది కల్పన, కావ్యంలో దానికదే శోభ.

కళాఖండ వర్ణన అటువంటిది కాదు. ఇక్కడ వర్ణించేవాడు కవి కాడు, సాక్షి. ఎదుట ఉన్నదానికి అతడు కట్టుబడి ఉండవలె. ఈ భేదం తెలియనందువల్లనే మన విద్యార్థులు, ఒక్కొక్కప్పుడు మన పత్రికా రచయితలు కూడ, శిల్పాన్ని గురించి వ్రాయవలసి వచ్చినప్పుడు ప్రబంధ ధోరణిని అరువు తెచ్చుకొంటారు. "శిల్పి చేతిలో రాయి వెన్నయై కరగినది", "జీవకళ ఉట్టిపడుతున్నది", "చూడ రెండు కన్నులు చాలవు" — ఇవి వినడానికి ఇంపుగానే ఉంటవి. కాని వీటిని పరీక్షించడానికి ఒక సులభమైన ఉపాయం ఉన్నది. మీరు వ్రాసిన వాక్యాన్ని తీసికొనిపోయి మరొక శిల్పం క్రింద పెట్టి చూడండి. అక్కడ కూడ అది చక్కగా అతికినట్లయితే, ఆ వాక్యం మొదటి శిల్పాన్ని గురించి ఏమీ చెప్పలేదన్నమాట. "ఎడమకాలు నిలువుగా నేలమీద ఆని ఉన్నది, కుడికాలు మోకాలివద్ద కొద్దిగా వంగినది, అందువల్ల నడుము ఒక ప్రక్కకు ఒరిగినది" అనే వాక్యంలో అలంకారం లేదు. కాని అది ఆ శిల్పాన్ని తప్ప ఊరూరి శిల్పాలనన్నింటినీ వర్ణించదు.

మన పూర్వులు ఈ సంగతి ఎరుగనివారు కారు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం మార్కండేయునికి, వజ్రమహారాజుకు మధ్య సంవాదంగా నడుస్తుంది. ప్రతిమలు చేయడం నేర్పుమని రాజు అడిగితే, చిత్రకళ తెలియనిదే ప్రతిమాలక్షణం తెలియదంటాడు మునీశ్వరుడు. చిత్రం తెలియడానికి నృత్తం తెలియవలె. నృత్తానికి వాద్యం, వాద్యానికి గీతం తెలియవలెనని వరుసగా వెనుకకు తీసికొనిపోతాడు. ఒక్క కళను చూడడానికి తక్కిన కళల పరిచయం కావలెనన్నది దాని భావం. ఆ గ్రంథమే మరొకచోట, చూచేవారిలోని తారతమ్యాన్ని కూడ చెప్పినది. ఆచార్యులు రేఖను మెచ్చుకొంటారట. విచక్షణులు ఛాయను కనబరచే వర్తనను మెచ్చుకొంటారట. స్త్రీలు భూషణాలను, తక్కినవారు వన్నెల సమృద్ధిని కోరుకొంటారట. ఈ విభజనలో స్త్రీలకు జరిగిన అన్యాయాన్ని నేటి పాఠకులు క్షమించనక్కరలేదు. కాని అభ్యాసికి ఇందులో ఒక మంచి ఉపాయం దొరుకుతుంది. ఒకే చిత్రాన్ని నాలుగుసార్లు చూడవచ్చును: ఒకసారి గీతకోసం, ఒకసారి వెలుగునీడలకోసం, ఒకసారి అలంకారానికి, ఒకసారి రంగులకు. ప్రతిసారీ ఆ చిత్రం క్రొత్తగా కనిపిస్తుంది.

కామసూత్రాలకు జయమంగళ వ్యాఖ్య వ్రాసిన యశోధరుడు చిత్రానికి ఆరు అంగాలు చెప్పినాడు: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం. 20వ శతాబ్ది ఆరంభంలో అవనీంద్రనాథ ఠాకూరు ఈ షడంగాలను తిరిగి వివరించి చిత్రకారుల దృష్టికి తెచ్చినాడు. ఇవి చిత్రకారునికే కాదు, చూపరికి కూడ మెట్లవంటివి. ఏయే ఆకారాలున్నవి? వాటి కొలతల పొందిక ఎటువంటిది? ముఖంలో, మేనిలో ఏ భావమున్నది? దానికి వన్నె ఎలా కూర్చబడినది? దేనికి ఏది పోలిక? రంగు ఎలా నడిచినది? ఈ ఆరు ప్రశ్నలు చేతిలో ఉన్నవాడు ఏ చిత్రం ముందైనా మూగవాడై నిలువడు.

నాలగిరి ముందు

ఒక ఉదాహరణ తీసికొందాం. అమరావతి స్తూపపు ప్రాకారానికి చెందిన గుండ్రని ఫలకం ఒకటి చెన్నపట్టణపు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలలో ఉన్నది. క్రీస్తుశకం 2వ శతాబ్ది ప్రాంతపు పని అది. పలనాటి సున్నపురాయిలో చెక్కినది. మదించిన నాలగిరి అనే ఏనుగును బుద్ధుడు లొంగదీసిన ఘట్టమని పుస్తకాలలో చదువుతాం. ఆ వాక్యాన్ని కాసేపు మరచిపోయి చూద్దాం.

మొట్టమొదట కనిపించేది వృత్తం. ఆ వృత్తం లోపల వీథి, మేడలు, జనం క్రిక్కిరిసి ఉన్నవి. ఏనుగులెన్ని? రెండు. ఎడమవైపు ఏనుగు ముందుకు దూకుతున్నది. దాని తొండం దగ్గర, కాళ్ళ దగ్గర మనుషులు చిక్కుకొన్నారు. కుడివైపు ఏనుగు మోకరించి తల నేలకు వంచినది. దాని ఎదుట ఒక పురుషుడు నిటారుగా నిలిచి ఉన్నాడు. అతని వెనుక భిక్షువులున్నారు. వీథిలోని దేహాలన్నీ ఒరిగి, వంగి, తూలి ఉన్నవి. ఒక స్త్రీ భయంతో ప్రక్కవానిని కరచుకొన్నది. పైన మేడల గవాక్షాలలోనుండి కొందరు తొంగి చూస్తున్నారు.

ఇంతవరకు చెప్పినదానిలో కథ లేదు, పేర్లు లేవు. అయినా కథకు కావలసినదంతా సమకూడినది. రెండు ఏనుగులను ముందుగా లెక్కించినవానికే, అవి రెండు కావని, ఒకే ఏనుగుయొక్క రెండు క్షణాలని తెలిసినప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది. కథ ముందే తెలిసి, "ఇది నాలగిరి" అని సరిపెట్టుకొన్నవాడు రెండవ ఏనుగును లెక్కించనే లెక్కించడు. కాలాన్ని రాతిలో ఎలా చూపించవలెనన్న సమస్యను ఆ పేరు తెలియని శిల్పి ఎంత తేటగా పరిష్కరించినాడో అతనికి అందదు. ఎడమనుండి కుడికి మన చూపు సాగినంతలో కోపం శాంతమవుతుంది. ఒరిగిన దేహాలమధ్య ఒక్క నిలువు దేహం ఉన్నందువల్ల ఆ శాంతి ఎవరిదో మనకు చెప్పకనే తెలుస్తుంది. గవాక్షాలలోని జనం వలెనే మనం కూడ పైనుండి చూస్తున్నామని చివరకు తోస్తుంది.

అమరావతిలోనే మరికొన్ని ఫలకాలున్నవి. వాటిలో బుద్ధుని రూపం ఉండదు. ఖాళీ ఆసనం ఉంటుంది. దాని క్రింద పాదముద్రలుంటవి. చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. కథకోసం వెదకేవాడు ఈ ఫలకంలో ముఖ్యుడెక్కడ అని తికమకపడతాడు. ఉన్నదాన్ని చెప్పడం అలవాటైనవాడు "అందరి చూపులు ఒక ఖాళీ చోటును చేరుతున్నవి" అని వ్రాస్తాడు. ఆ వాక్యం వ్రాసిన మరుక్షణంలో, లేనిదానిని కూడ చెక్కవచ్చునని అతడు గ్రహిస్తాడు.

ఇట్టి వర్ణనకు మాటలు కావలె. మాట లేనిచోట చూపు జారిపోతుంది. మన శిల్పశాస్త్రాలు, నాట్యశాస్త్రం ఈ విషయంలో గొప్ప భాండారం. ఏ వంపూ లేక నిలిస్తే సమభంగం. కొద్దిపాటి వంపు ఆభంగం. తల, మొండెం, కాళ్ళు మూడు దిక్కులకు ఒరిగితే త్రిభంగం. దానిని మించినది అతిభంగం. ఈ నాలుగు మాటలు తెలిసిన విద్యార్థి దేవాలయ స్తంభాన్ని చూచే తీరే మారిపోతుంది. అయితే శాస్త్రపదం చూపుకు ఊతకర్ర కావలె గాని కళ్ళకు గంతలు కారాదు. "త్రిభంగం" అని వ్రాసి ఊరకుంటే చాలదు. ఈ త్రిభంగంలో బరువు ఏ కాలిమీద పడినదో చెప్పవలె.

చేసిన చేయి

ఇవన్నీ పెద్ద శిల్పాల మాటలు గదా, మావంటి చిన్న ఊళ్ళవారికి అవి ఎక్కడ దొరుకునని కొందరు అడుగుతారు. మా నర్సీపట్నానికి చెన్నపట్టణపు ప్రదర్శనశాల దూరమే. కాని మా అనకాపల్లి జిల్లాలోనే, వరాహనది ఒడ్డున, ఏటికొప్పాక ఉన్నది. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. సహజమైన రంగులతో ఆ పనిని పునరుద్ధరించిన సి. వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ లభించినది.

ఏటికొప్పాక లక్కపిడతను ఒకదానిని బల్లమీద పెట్టి, దానిని గురించి పది వాక్యాలు వ్రాయండని నేను తరగతిలో అడుగుతూ ఉంటాను. మొదటి వాక్యాలన్నీ ఒకే తీరున ఉంటవి: ముచ్చటగా ఉన్నది, రంగులు కన్నుల పండుగగా ఉన్నవి. నాలుగైదు వాక్యాలకు పొగడ్త అయిపోతుంది. అప్పుడు పిల్లలకు ఏమి వ్రాయడానికీ తోచదు. అసలు చూపు మొదలయ్యేది ఆ తోచనిచోటనే. ఎవరో ఒకరు గమనిస్తారు: దీనిలో మూలలు లేవు, అన్నీ గుండ్రనివే. మరొకరు గమనిస్తారు: రంగుపట్టీలన్నీ అడ్డంగా చుట్టూ తిరిగి మొదటికే వచ్చి కలుస్తున్నవి, కుంచెపెట్టిన జాడ ఎక్కడా లేదు. అప్పుడు ఎందుకని అడిగితే, వస్తువే సమాధానం చెబుతుంది. అంకుడు కర్రను లేతుమీద త్రిప్పుతూ ఉలితో చెక్కుతారు. అందుచేత ఆకారం గుండ్రన. తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీని అదిమిపట్టితే, రాపిడి వేడికి లక్క కరగి పట్టీగా అంటుకొంటుంది. అందుచేత రంగు వలయాలుగా పడుతుంది. చేసిన చేతి కదలిక వస్తువులో నిలిచి ఉన్నదన్నమాట. చూడడం తెలిసినవాడు వస్తువునుండి చేతికి, చేతినుండి మనిషికి వెనుకకు నడువగలడు.

ఇట్టి అభ్యాసానికి ఆంధ్రదేశంలో ఒక మంచి చరిత్రయే ఉన్నది. రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలకు అధ్యక్షుడుగా ఉండిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు, రచయిత. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వంటి యువకులకు ఆయన ప్రోత్సాహం లభించినది. 1897లో పుట్టిన రామారావు బొంబాయి జె. జె. కళాశాలలో చదివి వచ్చి, రాజమహేంద్రవరంలో చిత్రకళకు ఒక నెలవు ఏర్పరచి, 1925లో మశూచికం వల్ల ఇరువదియెనిమిదేళ్ళయినా నిండకుండ కన్నుమూసినాడు. ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో "సిద్ధార్థ రాగోదయం" వంటి పూర్తి చిత్రాలతో పాటు చిత్తుగీతలు కూడ ఉన్నవి. చూపు నేర్వగోరేవారు పెద్ద చిత్రాలకంటె ముందు ఆ చిత్తుగీతలను చూడడం మంచిది. పూర్తి అయిన చిత్రం ఫలితాన్ని చూపుతుంది. చిత్తుగీత మాత్రం ఒక చిత్రకారుని కన్ను ఏది పట్టుకొన్నదో, దేనిని విడిచిపెట్టినదో చూపుతుంది.

తెలుగు వచనంలో ఈ పనిని తపస్సుగా చేసినవారు సంజీవదేవ్. 1914లో జన్మించి 1999లో కీర్తిశేషులైన ఆయన గుంటూరు సీమలోని తుమ్మపూడిలో ఉంటూనే ప్రపంచపు చిత్రకళను గురించి తెలుగులో వ్రాసినారు. కళాచర్చకు ఇంగ్లీషు తప్ప గత్యంతరం లేదనేవారికి ఆయన వచనమే జవాబు.

ఈ చూపువల్ల ప్రయోజనం కళతోనే ఆగదు. ఆంగ్ల విమర్శకుడు రస్కిన్ 1857లో బొమ్మలు నేర్చేవారికోసం వ్రాసిన పుస్తకంలో, చేతి నేర్పుకంటె కంటి నేర్పే తనకు ముఖ్యమని స్పష్టంగా చెప్పినాడు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యార్థులకు చిత్రాలను చూపి, కనిపించినదాన్ని మాత్రమే వర్ణింపజేసినారు. ఆ శిక్షణ పొందినవారు రోగి లక్షణాలను గుర్తించడంలో మెరుగుపడినారని 2001లో అక్కడి ఆచార్యులు ప్రకటించినారు. రోగి ముఖాన్ని చూడకుండ రోగం పేరు చెప్పే వైద్యుడూ, ఫలకాన్ని చూడకుండ కథ చెప్పే చూపరీ ఒక్క కోవలోనివారే.

చూడనందువల్ల పోయేది

మావైపు ప్రజలకు ఈ విద్య ఎంత అవసరమో శంకరం చెబుతుంది. అనకాపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఆ గ్రామం దగ్గర రెండు గుట్టలున్నవి. ఒకటి బొజ్జన్నకొండ, రెండవది లింగాలకొండ. శంకరం అనే పేరు సంఘారామం నుండి వచ్చినదని పండితుల అభిప్రాయం. 20వ శతాబ్ది తొలి దశకంలో అలెగ్జాండర్ రే అక్కడ త్రవ్వకాలు జరిపినాడు. గుహలు, విహారపు పునాదులు, రాతిలో తొలచిన స్తూపాలు బయటపడినవి. లింగాలకొండమీద వరుసలు వరుసలుగా ఉన్నవి లింగాలు కావు, స్తూపాలే. దూరాన్నుండి చూచినవారికి గుండ్రని తల ఒక్కటే కనిపించినది, పేరు పడిపోయినది. దగ్గరకు వచ్చి చూచినవానికి పానవట్టం కనిపించదు. క్రింద వేదిక, దానిమీద విశాలమైన అర్ధగోళం కనిపిస్తవి. పేరు చెప్పినదానికీ, కన్ను చెప్పినదానికీ తేడా అది.

పేరు పొరపాటయితే పెద్ద నష్టం లేదు. కాని బొజ్జన్నకొండలో అంతకంటె విచారకరమైన సంగతి ఒకటున్నది. కనుమ పండుగనాడు జనం ఆ కొండకు చేరి, అక్కడి ఒక ఆకృతిని రాక్షసుడుగా భావించి రాళ్ళు రువ్వడం చిరకాలం ఆచారంగా సాగినది. వారసత్వ పరిరక్షణకు పూనుకొన్నవారు నచ్చజెప్పి దానిని మాన్పించవలసి వచ్చినది. రాళ్ళు విసరినవారు దుర్మార్గులు కారు. పిల్లాపాపలతో పండుగకు వచ్చిన మంచి మనుషులు. వారు చూచినది శిల్పాన్ని కాదు, విన్న కథను. ఎదుట ఉన్నదాన్ని ఒక్కసారి మాటలలో చెప్పుకొని ఉంటే చేతిలోని రాయి చేతిలోనే నిలిచిపోయేది.

అమరావతి కథ ఇంకను పెద్దది. 18వ శతాబ్ది చివర స్తూపపు దిబ్బను త్రవ్వి రాళ్ళను కట్టడాలకు తీసికొనిపోయారు. ఆ చలువరాతివంటి పలకలను కొన్నింటిని సున్నానికి కాల్చినారు. కాలిన్ మెకంజీ ఆ చోటును ఒకసారి చూచి పోయి, 1816లో చిత్రలేఖకులను వెంటబెట్టుకొని మళ్ళీ వచ్చినాడు. వారు ఒక్కొక్క ఫలకాన్ని కొలిచి, ఉన్నది ఉన్నట్లు గీసినారు. తరువాత 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పాలు చెన్నపట్టణం చేరినవి. వాటిలో చాలభాగం 1859లో లండనుకు తరలిపోయినవి. మెకంజీ మనుషులు గీసిన ఫలకాలలో కొన్ని నేడు ఎక్కడా లేవు. ఆ రాయి లేదు. ఆ రాతిని శ్రద్ధగా చూచిన ఒకరి చూపు మాత్రం కాగితంమీద ఉన్నది. అమరావతిని గురించి మనకు తెలిసినదానిలో కొంత ఆ చూపుపెట్టిన భిక్షయే.

ఇప్పటికీ మన ఊళ్ళలో పాత మండపాలమీద సున్నం పడుతున్నది. ద్వారబంధాలమీది చెక్కడాలు ఎనామిల్ రంగులక్రింద మునిగిపోతున్నవి. జీర్ణోద్ధరణ పేరిట స్తంభాలు ఊడదీయబడుతున్నవి. అన్నింటినీ ఆపడం మనవల్ల కాకపోవచ్చును. ఫోటో తీయవచ్చును గదా అంటారు. తీయవలసినదే. కాని ఫోటో తీసినంతమాత్రాన తీసినవాడు చూచినట్లు కాదు. ఒక స్తంభం ముందు కూర్చుండి దాని అడుగునుండి పైవరకు వరుసగా ఒక పుట వ్రాసినవాడు మాత్రం దానిని చూచి తీరవలె; లేకుంటే రెండవ వాక్యమే రాదు.

ఈ పనికి పట్టాలు అక్కరలేదు. మీ ఊరి గుడికి వెళ్ళినప్పుడు ఒక్క స్తంభాన్నో, ఒక్క ద్వారపాలకునో ఎన్నుకొనండి. కనీసం పావుగంట ఎదుట నిలువండి. ముందు ఏమున్నదో వ్రాయండి. తరువాత అది ఎలా అమరియున్నదో వ్రాయండి. ఆ తరువాత, దానిని ఎవరు, ఎలా చేసియుందురో ఊహించండి. కథను చివరకు అడగండి. "బాగున్నది" అనే మాటను అన్నింటికంటె ఆఖరున వ్రాయండి. అప్పటికి ఆ మాట అవసరమే ఉండకపోవచ్చును. వ్రాసిన కాగితంమీద తేదీ, ఊరి పేరు వేసి దాచండి. ఆ స్తంభం నూరేళ్ళు నిలిస్తే మీ పుట దానికి తోడు. నిలువకపోతే మీ పుటే దానికి సాక్ష్యం.